పాటల జాబితాకు ఒక ఆడిట్: బుధవారం రాత్రి ఎనిమిది గంటల కథ

రిటైరయ్యాక నాకు రెండు అలవాట్లు మిగిలాయి. ఒకటి, కనబడిన ప్రతి అంకెనూ మళ్ళీ కూడి చూడటం. రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా వోచర్లు తిప్పినవాడికి ఇది పోదు. రెండోది, ఆదివారం పొద్దున్నే ఒక నోటుబుక్కులో ఆ వారం మనసుకు పట్టిన మూడు పాటలు రాసుకోవడం. రెండు పాతవి, ఒకటి కొత్తది. పక్కన సినిమా పేరు, సంవత్సరం, ఎందుకు నచ్చిందో ఒక వాక్యం. అంతే.

మొన్న మా హేతువాద మిత్రుల సమావేశంలో ఆ పుస్తకం ఒకాయన చేతిలో పడింది. నాలుగు పేజీలు తిప్పి, "ఏమండీ, ఇందులో సగం భజనలే ఉన్నాయి. దేవుడు లేడంటూ ఈ పాటలేమిటి?" అని నవ్వారు. పక్కనున్నాయన అందుకుని, "భజనైనా అవి పాటలండీ. ఆ రోజుల్లో ఏ పాట వచ్చినా బంగారమే. ఇప్పుడేమున్నాయి, అంతా గోల!" అన్నారు. టీ వచ్చింది, మాట మారింది. కానీ రెండు మాటలూ నాతో ఇంటిదాకా వచ్చాయి. మొదటిది మన నిజాయితీ మీద ప్రశ్న. రెండోది ఆధారం చూపించకుండా ఇచ్చిన తీర్పు. తీర్పుకు ఆధారం అడగడమే కదా మన పని! అందుకని వారం వారం పాటలను వరసలో నిలబెట్టే ఈ అలవాటు మన దేశంలో ఎలా మొదలైందో, అందులో లెక్క ఎంత నిజమో చూద్దామనుకున్నాను.

మంత్రిగారి చెవులు

1952లో డాక్టర్ బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. 1962 దాకా, అంటే పదేళ్ళు, ఆ శాఖ ఆయనదే. చదువుకున్నవారు, శాస్త్రీయ సంగీతం తెలిసినవారు. అయితే సినిమా పాట జనం అభిరుచిని చెడగొడుతున్నదని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటల సమయాన్ని బాగా తగ్గించారు. ఏ పాట పనికొస్తుందో ముందే విని ఏరడం మొదలైంది. సినిమా పేరు చెబితే అది ప్రకటన అవుతుందని గాయకుల పేరు మాత్రమే చెప్పించారు. నిర్మాతలకు కోపం వచ్చింది, పాటలు వేసుకునే అనుమతిని వెనక్కు తీసుకున్నారు. కొద్ది నెలల్లోనే దేశపు రేడియోలో సినిమా పాట దాదాపు మాయమైంది.

ఆయన చేసిన మేలు కూడా జమలో రాయాలి. శాస్త్రీయ సంగీతానికి జాతీయ కార్యక్రమం, వాద్యబృందం, సంగీత సమ్మేళనాలు ఆ కాలంలోనే వచ్చాయి. రాజాస్థానాలు పోయి పోషకులు లేకుండా పోయిన ఎందరో విద్వాంసులకు ఆకాశవాణి జీతమిచ్చి అన్నం పెట్టింది. రవిశంకర్ అంతటివాడు ఆ వాద్యబృందాన్ని నడిపాడు. లలిత సంగీతానికి ఊతం వచ్చింది. మన వైపు బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారి పాటలు ఇంటింటికీ చేరింది రేడియో వల్లనే.

ఖర్చు వైపు ఏముంది? ఇక్కడే మనబోటి వాళ్ళు ఆగి చూడాలి. హిందుస్తానీ సంగీతం క్షీణించడానికి కారణం అది ముస్లిం పాలకుల, ముస్లిం కళాకారుల చేతుల్లోకి పోయి దేశ సంస్కృతికి దూరం కావడమేనని కేస్కర్ అభిప్రాయపడ్డారు. ఆధారం అడిగితే ఈ మాట నిలబడదు. ఖయాల్ గాయనాన్ని తరాల తరబడి మోసుకొచ్చింది ప్రధానంగా ఉస్తాదుల కుటుంబాలే. రవిశంకర్‌కు సితార్ నేర్పిన గురువు అల్లాఉద్దీన్ ఖాన్. ఆయన మైహర్‌లో శారదామాత గుడికి వెళ్ళే ముస్లిం. మంత్రిగారి సిద్ధాంతానికి మంత్రిగారి వాద్యబృందమే అడ్డు సాక్ష్యం!

రేడియోలో ఇలాంటి తీర్పులు అంతకుముందూ ఉన్నాయి. హార్మోనియం మన శ్రుతులను పలకలేదన్న వాదనతో 1940లో దాన్ని ఆకాశవాణి నుంచి వెళ్ళగొట్టారు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఊళ్ళో నాటకాల వాళ్ళు, భజన బృందాలు, హరికథకులు హాయిగా వాయించుకుంటూనే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చే ముందు సర్దార్ పటేల్ ఈ శాఖను చూసిన కాలంలో, వ్యక్తిగత జీవితం మీద అపవాదులున్న గాయనులను రేడియోలో పాడనివ్వకూడదన్న ఆదేశం వచ్చింది. నిజానికి గ్రామఫోను రికార్డుల తొలి తరాన్ని నిలబెట్టినవారు ఆ ఆడవాళ్ళే. గొంతును కాక ఇంటి గడపను పరీక్షించారన్నమాట. పాట మంచిదా కాదా అని తేల్చే అధికారం ఒక్కచోట చేరితే, చివరికి ఎవరు మనుషులు, ఎవరు కారు అని తేల్చడం దాకా పోతుంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన ఖాతా ఇదే.

కొలంబో నుంచి గాలి

సరిగ్గా అప్పుడే సముద్రం అవతల ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ ఖాళీగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం సిలోన్‌లో పెట్టింది అది. యుద్ధం అయ్యాక రేడియో సిలోన్‌కు దక్కింది. ఆసియా అంతా వినబడే షార్ట్‌వేవ్. ప్రకటనలు తీసుకునే వాణిజ్య విభాగం అక్కడ మొదలైంది. బొంబాయిలో కార్యక్రమాలు రికార్డు చేసి టేపులను విమానంలో కొలంబో పంపేవారు. అక్కడి నుంచి అవి ఆకాశమార్గాన మళ్ళీ మన ఇళ్ళకే వచ్చేవి! మన పాట, మన గొంతు, మన కంపెనీల డబ్బు. కస్టమ్స్ వాడు ఆపలేని దిగుమతి.

1952 డిసెంబరు 3న, అంటే కేస్కర్ మంత్రి అయిన ఆ ఏడాదే, బినాకా గీత్‌మాలా మొదలైంది. సీబా అనే స్విస్ కంపెనీ తన టూత్‌పేస్టు కోసం పెట్టిన కార్యక్రమం. నిర్వహించడానికి పేరున్నవారు ఎవరూ రాలేదు. వారానికి 25 రూపాయలకు రాతా, మాటా, ఉత్తరాల లెక్కా అన్నీ చూసుకోవడానికి ఒప్పుకున్నది ఇరవై ఏళ్ళు నిండని అమీన్ సయానీ. "బహనోం ఔర్ భాయియోం" అని ఆడవాళ్ళను ముందు పిలిచిన ఆ గొంతు తరువాత నాలుగు దశాబ్దాలు వినిపించింది. ఆయన 2024 ఫిబ్రవరి 20న పోయారు.

మొదట్లో అది వరస చెప్పే కార్యక్రమం కాదు. అరగంటలో ఏడు పాటలు వేసేవారు. వాటిని సరైన క్రమంలో పెట్టి రాసినవారికి 100 రూపాయల బహుమతి. మొదటి వారమే 9,000 ఉత్తరాలు వచ్చాయని, ఏడాది తిరిగేసరికి వారానికి 65,000 దాకా పెరిగాయని సయానీ చెప్పేవారు. అన్ని ఉత్తరాలు చూడటం మనుషుల వల్ల కాదు. అందుకని పోటీ తీసేసి, గంటసేపు పదహారు పాటల వరస పెట్టారు. ఒక్కొక్క స్థానాన్ని 'పాయ్‌దాన్' అన్నారు, అంటే మెట్టు. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ఉపఖండంలో లక్షల ఇళ్ళు ఆ మెట్లు ఎక్కేవి.

ఆ రోజుల్లో రేడియో పెట్టుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాలి. రుసుం భారత ప్రభుత్వానికి, చెవి సిలోన్‌కు! పది ఇళ్ళు చూస్తే తొమ్మిదింట్లో రేడియో సిలోన్ మోగుతోందట, పదో ఇంట్లో రేడియో పాడైందట... అని ఒక చమత్కారం ఉండేది. కొందరు దీన్ని సర్వే ఫలితంలా చెబుతారు. అది లెక్క కాదు, హాస్యం. కానీ ప్రభుత్వానికి విషయం అర్థమైంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. కేస్కర్ గారే మంత్రిగా ఉండగా సినిమా పాట ఢిల్లీకి తిరిగొచ్చింది. 1967లో వివిధభారతిలో ప్రకటనలు కూడా వచ్చాయి.

తెలుగువాళ్ళకు సిలోన్ అంటే మరో గొంతు గుర్తుకొస్తుంది. మీనాక్షి పొన్నుదొరై. ఆ తీయని యాసతో ఆమె తెలుగు పాటలు వినిపిస్తుంటే మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి "కాస్త పెంచరా" అనేది. ఇంకొకటి కూడా చెప్పాలి. అదే కొలంబో నుంచి, అదే కాలంలో మనకు మరొకాయన వచ్చారు. సిలోన్ హేతువాద సంఘాన్ని నడిపిన కేరళీయుడు డాక్టర్ అబ్రహాం కోవూర్. మహిమలు నిరూపిస్తే లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరారు. 1978లో పోయేదాకా ఎవరూ గెలవలేదు. నా కుర్రతనంలో కొలంబో అంటే రెండు: పాట, ప్రశ్న. రెండూ ఒకేచోట నుంచి రావడం యాదృచ్ఛికమే, దానికి అర్థమేమీ లేదు. అయినా తలచుకుంటే సంతోషం.

పోయిన తాతగారి ఓటు

ఇక అసలు ఆడిట్‌కు వద్దాం. ఈ వరస ఎలా కట్టేవారు?

సయానీ చెప్పినదాన్ని బట్టి, దుకాణాల నుంచి రికార్డుల అమ్మకం వివరాలు తెప్పించుకునేవారు. అందులో చిక్కు ఉంది. పాటకు గిరాకీ ఉన్నా దుకాణంలో రికార్డు అయిపోతే అమ్మకం సున్నా. అందుకని శ్రోతల సంఘాల అభిప్రాయాన్ని కూడా కలిపారు. వినడానికి సబబుగానే ఉంది. ఇప్పుడు చూడండి. 1950లలో రికార్డు కొనగలిగినవాడు ఎవడు? గ్రామఫోను ఉన్నవాడు. కూలీ, రైతు, హోటల్లో కప్పులు కడిగే కుర్రాడు పాడుకున్న పాట అమ్మకాల ఖాతాలోకి రాదు. ఉత్తరం రాయగలిగినవాడు ఎవడు? చదువు, తీరిక ఉన్నవాడు.

ఝుమ్రీ తలైయా పేరు మీరంతా వినే ఉంటారు. ఇప్పటి ఝార్ఖండ్‌లో, కోడెర్మా దగ్గర అభ్రకం గనుల ఊరు. దేశంలో ఏ పాట కోరినా అడిగినవారిలో ఆ ఊరు ఉండేది. అసలు అలాంటి ఊరు లేదు, రేడియోవాళ్ళు కల్పించారని కూడా జనం అనుకున్నారు. ఊరు నిజమే. అక్కడి కొందరు ఉత్సాహవంతులు పోటీపడి గుట్టలుగా కార్డులు రాసేవారు. గణాంకాల్లో ఇది ఓనమాలంత పాఠం: ఎక్కువ గొంతులు వినబడితే ఎక్కువమంది ఉన్నారని కాదు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 1974లో నేను తొమ్మిదో తరగతి. మా రైల్వే క్వార్టర్స్‌లో కుర్రాళ్ళం ఏడుగురం ఒక శ్రోతల సంఘం పెట్టాం. రబ్బరు స్టాంపు కూడా చేయించాం. ఏడుగురి పేర్లు వేస్తే ఏం బాగుంటుందని ముప్పై మంది సభ్యులను తయారుచేశాం. 'బాబీ' పాట కోసం వారానికి పది కార్డులు, పది రకాల చేతిరాతలు. హిందీ ముక్క రాని మా మామ్మ ఓటేసింది. మా స్నేహితుడి తాతగారు అంతకు రెండేళ్ళ ముందే పోయారు, ఆయనా ఓటేశారు! తరువాత ఉద్యోగంలో మస్టర్ రోల్‌లో లేని కూలీల పేర్లు పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ తాతగారు గుర్తొచ్చేవారు. ఆత్మలు లేవని ఉపన్యాసాలిచ్చే నేను, ఒక ఆత్మ చేత కార్డు రాయించినవాణ్ణి. ఈ అభ్యంతరం నా మీదే రాసుకుంటున్నాను. ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

మా ఒక్క సంఘం వల్ల దేశపు వరస మారిందని అనను. కానీ అలాంటి కుర్రాళ్ళు మేమొక్కళ్ళమేనా?

వరసను ప్రభుత్వం కూడా మార్చగలదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, ప్రభుత్వం చెప్పినట్టు పాడటానికి ఒప్పుకోలేదని కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి, వివిధభారతుల నుంచి తీసేశారు. షా కమిషన్ విచారణలో ఇది బయటపడింది. వినబడని పాటను జనం ఎలా ఎంచుకుంటారు? ఎంపికకు ముందే ఎవరో ఎంపిక చేసి పెడతారు. ఆ సంగతి జాబితాలో ఎక్కడా కనబడదు.

బంగారమేనా?

అయినా ఆ వార్షిక జాబితాలు మనకు ఒక గొప్ప మేలు చేస్తాయి. 'పాతదంతా బంగారం' అన్న మాటను పరీక్షించడానికి పనికొస్తాయి. జ్ఞాపకం మంచివాటినే దాచుకుంటుంది. జాబితాకు ఆ దయ లేదు, అన్నీ దాస్తుంది.

1957ను తీసుకోండి. ప్యాసా, మదర్ ఇండియా, నయా దౌర్ మూడూ ఆ ఏడాదివే. ఆ ఏడాది గీత్‌మాలాలో మొదటి మెట్టు ఎక్కిన పాట 'జనమ్ జనమ్ కే ఫేరే' అనే పౌరాణిక చిత్రంలోది. సంగీతం ఎస్.ఎన్. త్రిపాఠీ. పాట చక్కనిదే, నాకూ ఇష్టమే. కానీ ఆ సినిమా పేరు ఇవాళ ఎందరికి తెలుసు? 1960లో మొఘల్-ఎ-ఆజమ్ దేశాన్ని ఊపేసింది. మొదటి మెట్టు మాత్రం 'బర్సాత్ కీ రాత్' పాటది. 1972లో పాకీజా వచ్చింది. ఆ ఏడాది శిఖరం మీద కూర్చున్నది 'హరే రామ హరే కృష్ణ' పాట. అదే గంజాయి పాట అని అప్పటి పెద్దలు తిట్టుకున్నది! "ఇప్పుడంతా గోల" అన్న మాట మా నాన్నగారు 1972లో అక్షరాలా అన్నారు. ఆ గోలే ఇప్పుడు మనకు బంగారం.

పాకీజా సంగతి ఇంకా తమాషా. సంగీత దర్శకుడు గులాం మొహమ్మద్ 1968లోనే పోయారు. సినిమా తయారవడానికే పదిహేనేళ్ళు పట్టింది. ఆ పాటలు 'కొత్తవి'గా జనం చెవిన పడేనాటికి వాటిని కట్టినవాడు లేడు. 1972 చిత్రాలకు ఫిలింఫేర్ సంగీతం బహుమతి 'బేఇమాన్'కు ఇచ్చారు. అదే సినిమాలో నటనకు బహుమతి వచ్చిన ప్రాణ్, గులాం మొహమ్మద్‌కు అన్యాయం జరిగిందని తన బహుమతిని తిప్పికొట్టాడు. తనకొచ్చిన లాభాన్ని వదులుకుని లెక్క తప్పని చెప్పినవాడు ఆయన. ఆయనకు నా నోటుబుక్కులో ఒక పేజీ వదిలాను.

గీత్‌మాలా 1989లో వివిధభారతికి మారింది, 1994 దాకా నడిచింది. ఇవాళ వరసను కట్టేది యూట్యూబ్ వీక్షణల అంకె. కోట్లలో ఉంటుంది కనుక నిజమై ఉంటుందనుకుంటాం. అంకె పెద్దదైనంత మాత్రాన వోచరు ఉన్నట్టు కాదు. ఒక్కడే వందసార్లు చూడవచ్చు, డబ్బిచ్చి చూపించవచ్చు, యంత్రం చేత నొక్కించవచ్చు. మా పోయిన తాతగారు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నారు, అంతే తేడా.

మరి వరసలన్నీ వ్యర్థమా? కాదు. ఏది ఎవరికి నచ్చిందో అవి కొంత చెబుతాయి. ఏది గొప్పదో చెప్పవు. మంత్రి చెప్పలేడు, మార్కెట్ చెప్పలేదు, ఉత్తరాల గుట్ట చెప్పలేదు. వినేవాడు విని, కారణం చెప్పాలి. కారణం నచ్చకపోతే ఎదుటివాడు వాదించాలి. నా నోటుబుక్కులో ఆ ఒక్క వాక్యం రాయడం అందుకే.

ఈ వారం మూడు

మొదటిది, 'బైజూ బావ్‌రా'లోని భజన. 1952. మాల్కౌన్స్ రాగం, మన హిందోళం. రాసింది షకీల్ బదాయునీ, వరస కట్టింది నౌషాద్, పాడింది మొహమ్మద్ రఫీ. హరి దర్శనం కోసం అలమటించే ఆ పాటను చేసిన ముగ్గురూ ముస్లింలు. కేస్కర్ మంత్రి అయిన ఏడాదే విడుదలైన ఈ సినిమాలో ఉస్తాద్ అమీర్ ఖాన్, డి.వి. పలూస్కర్ కూడా పాడారు. సినిమా పాటలో శాస్త్రీయం లేదన్నవారికీ, ముస్లింల చేతిలో సంగీతం చెడిందన్నవారికీ ఒకే రికార్డులో రెండు జవాబులు. ఆ సినిమాలో పాటకు రాయి కరుగుతుంది. రాయి కరగదండీ. కరిగేది మనమే. దానికి మహిమ అక్కర్లేదు.

రెండోది, 'అనార్కలి' పాట. 1953 వార్షిక జాబితాలో మొదటిది. సి. రామచంద్ర సంగీతం, లతా గొంతు. ఆ వరసే 1955 తెలుగు అనార్కలిలో ఆదినారాయణరావు గారి సంగీతంలో జిక్కి గొంతున వినిపించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. అనార్కలి కథకు అక్బరు నాటి చరిత్ర గ్రంథాల్లో ఆధారం లేదు. లాహోర్ చూసిన విలియం ఫించ్ అనే ఆంగ్ల వర్తకుడి రాతల్లో మొదట కనబడుతుంది. కథ నిజం కాకపోయినా దుఃఖం నిజమని పాట నమ్మిస్తుంది. నేను ఒప్పుకుంటాను, చరిత్రగా మాత్రం కాదు.

మూడోది, కొత్తది. 'బలగం' సినిమా చివర వచ్చే పాట, 2023. సంగీతం భీమ్స్. పాడినవారు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఊరూరా తిరిగి బుర్రకథ చెప్పుకునే బుడగజంగాల కళాకారులు. ఏ ఆడిషన్ కమిటీ ముందూ నిలబడని గొంతులు. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయారు. ఆ కథంతా పిండాన్ని కాకి ముట్టడం లేదన్న దిగులు చుట్టూ తిరుగుతుంది. కాకి ముట్టకపోవడానికి కాకి కారణాలు కాకికి ఉంటాయి, చనిపోయినవాడి అలకతో దానికి పనిలేదు. ఇది తెలిసీ ఆ పాట వింటూ నేను కళ్ళు తుడుచుకున్నాను. ఎందుకంటే అది కాకి పాట కాదు, బతికుండగా పలకరించుకోని అన్నదమ్ముల పాట. ఆ పలకరింపు మన చేతిలో ఉన్నదే.

భజనలెందుకని అడిగిన మిత్రుడికి నా జవాబు ఇదే. నమ్మకాన్ని తీసేసి చూసినా పాటలో మనిషి మిగులుతాడు. ఆ మనిషి కోసమే వింటాను. వచ్చే సమావేశానికి ఆయన్నీ మూడు పాటలు రాసుకు రమ్మన్నాను. పక్కన కారణం రాయాలి, అదొక్కటే షరతు. మీకూ అదే షరతు.